ఒక వడ్డనకు ఇరవై నాలుగు గ్రాములు

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని లోకం నమ్ముతుంది. ఆ నమ్మకానికి వయసు చాలానే ఉంది గానీ, దానికి పరీక్ష పెట్టినవాళ్లు మాత్రం ఎక్కడా కనబడరు. చెయ్యి ఎవరిదో తెలిస్తే చాలు, గరిటెలో ఏముందో చూడనక్కరలేదన్నది ఆ సామెత లోపలి అర్థం. అది నిజమో కాదో ఒక ఇంట్లో తేలింది. తినేవాడు మాంసం యార్డులో గొడ్డలి పనివాడు. వడ్డించినవాడు అతని బామ్మర్ది. ఇద్దరి మధ్యా ఒక డబ్బా, దాని వెనక చీమ తలకాయంత అక్షరాలు, ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివిన ఒక ఆడమనిషి.

ఆమెను వీధి వీధంతా టైలరమ్మ అనేది. ముందుగదిలో కుట్టు మిషను, గుడ్డ కత్తిరించే పొడుగు బల్ల, వెనకగదిలో కాపురం. మిషనును ఆమె గోడవారకు జరిపించుకుంది. కూర్చుంటే కుడి చెవి గోడవైపు, ఎడమ చెవి గదివైపు ఉండాలి. కారణం అడిగినవాళ్లకు వెలుతురని చెప్పేది. అసలు కారణం, ఎడమ చెవి అప్పటికే పోయింది. భర్త చేతి దెబ్బకు కర్ణభేరి చిరిగింది. చెవుల డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, "రెండోది జాగ్రత్తమ్మా. దీనికి కూడా ఇలాంటిదే తగిలిందంటే నీ మిషను చప్పుడు నీకే వినబడదు" అన్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న భర్త, "మెట్ల మీద జారిపడిందండీ. చూసి నడవమంటే వినదు" అన్నాడు. వాళ్ల ఇంటికి మెట్లు లేవు.

యార్డులో అతడు పట్టేది గండ్రగొడ్డలి. అందుకని అక్కడివాళ్లు అతణ్ణి 'గండ్ర' అనేవాళ్లు. నూట అరవై కిలోల మనిషి. కొక్కేనికి వేలాడే పశువును వెన్నెముక వెంట రెండుగా చీల్చడానికి మిగతావాళ్లకు నాలుగైదు వేట్లు పడితే, అతడికి ఒక్కటి చాలు. ఇంట్లో వాడేదీ ఆ చెయ్యే. కోపం వస్తే అరిచే అలవాటు లేదు. చేతిలో ఉన్నదాన్ని, గ్లాసైనా చెంచా అయినా, నెమ్మదిగా కింద పెట్టి, చెయ్యి ఖాళీ చేసుకుని కొట్టేవాడు. గ్లాసు బల్లను తాకే ఆ చిన్న చప్పుడు వింటే ఆమె భుజాలు వాటంతటవే చెవులదాకా లేచేవి. ఒకసారి ఆమె తమ్ముడు అడ్డం వచ్చాడు. గండ్ర గ్లాసు కింద పెట్టి స్టూలు తీసుకున్నాడు. తమ్ముడి పైపళ్లు రెండు నేల మీద పడ్డాయి. వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే ఆ తమ్ముడు అప్పటినుంచి కట్టుడు పళ్లతో మాట్లాడుతున్నాడు. 'స' అనబోతే ఈల వినిపిస్తుంది.

అంతటి గండ్రకు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. గుండె అంత ఒంటిని మోయలేదని డాక్టర్లు తేల్చి, కడుపును కత్తిరించి కోడిగుడ్డంత సంచీగా కుట్టారు. టైలరమ్మకు అది తేలిగ్గానే అర్థమైంది. నడుము సడలిన ప్యాంటును పట్టి కుట్టడం ఆమె రోజూ చేసే పనే.

ఆస్పత్రిలో డైటీషియన్ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. బల్ల మీద రెండు మూడు డబ్బాలు, ఒక పెరుగు కప్పు, ఒక బిస్కెట్ ప్యాకెట్టు పేర్చుకుని పాఠం మొదలుపెట్టింది.

"వీటిలో దేన్లో ప్రోటీన్ ఎక్కువో చెప్పండి సార్."

గండ్ర బిస్కెట్ ప్యాకెట్టు మీద వేలు పెట్టాడు. దాని మీద కండలు తిరిగిన చెయ్యి బొమ్మ, 'హై ప్రోటీన్' అని చేటంత అక్షరాలు ఉన్నాయి.

"అందరూ దాన్నే పట్టుకుంటారు. ఇప్పుడు తిప్పండి."

"తిప్పితే ఏముంటుంది? అట్ట."

"ఆ అట్టే సార్ కావాల్సింది. ముందువైపు రాసేది అమ్మేవాడి నోరు. వెనకవైపు రాయించేది చట్టం."

గండ్ర తిప్పలేదు. టైలరమ్మ అందుకుని తిప్పింది. ఒక వడ్డనకు, అంటే రెండు బిస్కెట్లకు, ప్రోటీన్ మూడు గ్రాములు. చక్కెర తొమ్మిది.

"చొక్కా కూడా ఇంతే మేడమ్" అంది ఆమె. "పైకి అన్నీ బాగానే ఉంటాయి. తిరగేస్తే గానీ కుట్టు సంగతి తెలీదు."

"నీకు పట్టుబడిందమ్మా. ముందు వడ్డన అంటే ఎంతో చూడు. ఆ వడ్డనలో ప్రోటీన్ ఎంత, తర్వాత చక్కెర ఎంత. ఈయనకు రోజుకు డెబ్బై గ్రాముల ప్రోటీన్ దిగాలి. కడుపేమో గుడ్డంత. అందులో పనికిమాలింది పోస్తే పనికొచ్చేదానికి చోటుండదు. చక్కెర పోశావనుకో, ఒళ్లంతా చెమటలు, వణుకు, గుండెదడ, మంచం ఎక్కేస్తాడు. ప్రోటీన్ చాలకపోతే ఒళ్లు తన కండను తనే తింటుంది. గుండె కూడా కండే, గుర్తుపెట్టుకో."

గండ్ర కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. "నా కండ నన్ను తినేదేంటమ్మా! నేను కోసేవాణ్ణి, కోయించుకునేవాణ్ణి కాదు."

"మొన్ననే కోయించుకున్నారు కదా సార్" అంది డైటీషియన్.

గండ్ర చేతిలో ఉన్న మందుల చీటీని బల్ల మీద పెట్టాడు. టైలరమ్మ భుజాలు లేచాయి. ఆస్పత్రి కాబట్టి అతడు మళ్లీ చీటీ తీసుకున్నాడు.

తిండి బాధ్యత నాదంటూ తమ్ముడు ముందుకొచ్చినప్పుడు వీధి మెచ్చుకుంది. పళ్లు రాలగొట్టిన బావకు ఇంత సేవ చేసే బామ్మర్ది ఏ కాలంలో ఉన్నాడని నలుగురూ అనుకున్నారు. అతడు పెద్ద డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఆమె ముందువైపు చూడనైనా చూడకుండా తిరగేసింది. ఒక వడ్డన ముప్పై గ్రాములు, లోపలున్న గరిటెతో నిండుగా ఒకటి. ప్రోటీన్ ఇరవై నాలుగు. చక్కెర ఒకటి. మూడు పూటలకు డెబ్బై రెండు. గుడ్డ మీద గీసే సుద్దముక్క చెవి వెనకనుంచి తీసి ప్రోటీన్ అంకె కింద నీలంగీత గీసింది.

"ఇది ఉండలు కడుతుందక్కా" అన్నాడు తమ్ముడు. "కొట్లో మిక్సీ ఉంది. నేనే కలిపి ఫ్లాస్కులో పోసుకొస్తా, నీకెందుకు శ్రమ?" డబ్బాను మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి మూడు పూటలా ఫ్లాస్కు వచ్చేది. తమ్ముడే గ్లాసులో పోసి, తాగేదాకా నిలబడి, గ్లాసు కడిగి పెట్టేవాడు.

"చూశావుటే" అనేవాడు గండ్ర మూతి తుడుచుకుంటూ. "వడ్డించేవాడు మనవాడైతే కడుపు గుడ్డంతైనా ఫరవాలేదు. ఒరే బామ్మర్దీ, పళ్లు రాలినా ప్రేమ రాల్లేదురా నీకు!"

"అస్సలు రాలదు బావా" అని తమ్ముడు ఈల వేసేవాడు.

గండ్ర తరిగిపోయాడు. టైలరమ్మ అతడి ప్యాంట్లను పట్టి కుట్టింది, ఆ కుట్టు విప్పి మళ్లీ పట్టింది, చివరికి పట్టడానికి గుడ్డే తప్ప నడుము లేకపోయింది. తగ్గాల్సిందే తగ్గుతున్నదని మొదట అందరూ సంతోషించారు. తర్వాత దువ్వెనకు జుట్టు ఊడి రాసాగింది. ముఖం పీక్కుపోయి, పాదాలు మాత్రం ఉబ్బాయి. ఫ్లాస్కు తాగిన కాసేపటికి చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునేవాడు. అది చక్కెర లక్షణమని టైలరమ్మకు గుర్తుంది. అయితే డబ్బా మీద చక్కెర ఒక్క గ్రామే అని తన కళ్లతో చదివింది కనుక, తప్పు ఆపరేషన్‌దే అయి ఉంటుందని సరిపెట్టుకుంది. చదివిన డబ్బా, పోసిన ఫ్లాస్కు ఒకటేనా అన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. పోసేది తమ్ముడు.

ఆ స్థితిలోనే గండ్ర యార్డుకు వెళ్లి గొడ్డలి అడిగాడు. తర్వాత జరిగింది మేస్త్రీ చెప్పగా ఆమె విన్నది. మొదటి వేటు వెన్నులో సగందాకా దిగి ఎముకలో ఇరుక్కుంది. లాగితే రాలేదు. "గండ్రా, గొడ్డల్ని నువ్వు పట్టుకున్నావా, నిన్నే గొడ్డలి పట్టుకుందా?" అన్నాడు పక్కవాడు. ఇంకొకడు, "ఇక గండ్ర అనకండర్రా, గరిట అనండి" అన్నాడు. గండ్ర గొడ్డలి పిడి వదిలేసి, చెయ్యి ఖాళీ చేసుకుని, ఆ మాట అన్నవాడి గొంతు పట్టుకున్నాడు. ఏడాది కిందటైతే ఆ గొంతు విరిగేది. ఆ రోజు ఆ మనిషి గండ్ర వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, ఎత్తి, నెత్తురు పారే కాలవలో పడేశాడు. లేవబోతే బూటుకాలితో పక్కటెముకల మీద తన్నాడు. మళ్లీ లేవబోతే మళ్లీ తన్నాడు. మూడోసారి గండ్ర లేవలేదు. మోకాలి లోతు ఎర్రనీళ్లలో కూర్చుని, నోట్లోకి పోయినదాన్ని ఉమ్ముతూ ఉంటే, చుట్టూ నవ్వు. మేస్త్రీ అతణ్ణి మాంసం మోసే వ్యాన్‌లోనే ఇంటికి తెచ్చి, "ఇకనుంచి నేల కడిగే పైపు పట్టుకోనీ చెల్లెమ్మా, గొడ్డలి వద్దు" అని దించి వెళ్లాడు.

టైలరమ్మ తడిగుడ్డతో నెత్తురు తుడిచింది. అందులో అతడిది ఏదో, పశువులది ఏదో తెలియలేదు. మంచినీళ్లు ఇచ్చింది. అతడు సగం తాగి, గ్లాసును నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

దెబ్బ ఎడమ చెంప మీద పడింది. ఆమె కళ్లు మూసుకుని పడిపోవడానికి సిద్ధంగా ఉంది. పడలేదు. గోడ కూడా పట్టుకోలేదు. కళ్లు తెరిచేసరికి గండ్ర తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"నిలబడ్డావేంటే?" అన్నాడు.

ఆమెలో మొదట పుట్టినది సంతోషం. దాచుకోవడానికి వెనకగదిలోకి వెళ్లింది. అక్కడ నిలబడితే రెండో ఆలోచన వచ్చింది: చేతిలో లేని బలం గుండెలో మాత్రం ఎలా ఉంటుంది?

ఆస్పత్రిలో నెత్తురు పరీక్ష చూసి డైటీషియన్ కళ్లజోడు తీసింది. "ఏం పోస్తున్నావమ్మా ఈయనకు?"

"మూడు పూటలా ఇరవై నాలుగు మేడమ్. డెబ్బై రెండు. తిరగేసి చదివాను."

"అట్ట అలా చెబితే నెత్తురు ఇలా చెప్పదు. రెండింటిలో ఒకటి అబద్ధం. నెత్తురుకు రాయడం రాదు, కాబట్టి అబద్ధమాడటం కూడా రాదు. ఇంకో నెల ఇలాగే సాగితే నిద్దట్లో గుండె ఆగిపోతుంది. చెప్పలేదనకు."

మర్నాడు తమ్ముడు తొందరలో ఫ్లాస్కు మరిచిపోయి వెళ్లాడు. మధ్యాహ్నం టైలరమ్మ దాన్ని కడగబోయి ఆగింది. కిటికీ అంచునుంచి ఫ్లాస్కు మూతదాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. మూత లోపలి గాడిలో నల్లగా ముసురుకుని ఉన్నాయి. గ్లాసు నీళ్లలో కలిసిన ఒక్క గ్రాము చక్కెర కోసం ఇంత సంత కూడదు. ఆమె వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. మిషను మీద ఉన్న కుట్టును సగంలో వదిలేసి తమ్ముడి కొట్టుకు నడిచింది.

కొట్లో బేరాలు లేవు. ఆమె పలకరించకుండా కౌంటరు వెనక్కి వెళ్లి వంగి చూసింది. కింది అరలో, నీలం సుద్దగీత ఉన్న డబ్బా కనిపించింది. మూత మీద సీలు చెక్కుచెదరలేదు. దాని పక్కన మూత తీసిన మరో డబ్బా, అందులో చెంచా.

"ఇదేంట్రా?"

తమ్ముడు ఆ డబ్బాను చూశాడు, అక్కను చూశాడు. "మాల్టు పొడి. పిల్లలు తాగేది."

ఆమె తిరగేసింది. ఒక వడ్డన ఇరవై గ్రాములు. ప్రోటీన్ గ్రామున్నర. చక్కెర పద్నాలుగు. మూడు పూటలకు నాలుగున్నర గ్రాముల ప్రోటీన్.

"విషం పెట్టానా అక్కా? ఊళ్లో పిల్లలందరూ తాగేదే పోశాను."

"ఎందుకు పోశావురా?"

అతడు కట్టుడు పళ్లు ఊడదీసి కౌంటరు మీద పెట్టాడు. పైపళ్ల సందులోంచి మాటలు గాలి గాలిగా వచ్చాయి. "నాకు పోయినవి ఇవి. డాక్టరు కట్టిచ్చాడు. నీ చెవి ఎవడు కట్టిస్తాడు? ఇంకొక్కటే మిగిలింది. ఆ చెయ్యి లేవకూడదనుకున్నా, లేవకుండా చేశా. మొన్న కొట్టాడటగా. పడ్డావా?"

"పడలేదు."

"మరి!"

"ఒరే, గుండె ఆగిపోతుందట రా."

"ఆగితే ఆగనీ."

"నీ చేత్తో తాగి, రోజూ మనవాడు మనవాడు అంటున్నాడ్రా ఆయన."

"ఎవరికి మనవాణ్ణి? నేను నీవాణ్ణి. ఆ సామెతలో 'మన' అంటే ఎవరో ఆయన ఏనాడైనా అడిగాడా?"

టైలరమ్మ సీలు ఉన్న డబ్బాను చంకలో పెట్టుకుంది. "రేపట్నుంచి నువ్వు రావద్దు. నాకు ఆయన చావూ వద్దు, ఆయన దెబ్బా వద్దు."

"రెండూ వద్దంటే కుదరదక్కా."

"కుదరకపోతే కత్తిరించి కుదుర్చుకుంటా. నా పనే అది."

మర్నాడు పొద్దున ముందుగదిలో ఆమె ఎవరిదో కోటును బల్ల మీద పరిచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, డబ్బా సీలు తీసింది. గండ్ర బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గరిటె నిండా పొడి తీసింది. అతడు చెయ్యి చాచి ఆ గరిటె తీసుకుని, పైకీ కిందకీ రెండుసార్లు ఆడించాడు. ఒంట్లో ఏం పోయినా, ఏ ముక్క ఎంత తూగుతుందో చెప్పే యార్డు చెయ్యి పోలేదు.

"ముప్పై గ్రాములు" అన్నాడు.

"అవునండీ."

నీళ్లలో కలిపి ఇస్తే ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "తీపేదే?"

"ఇందులో ఉండదండీ."

అతడు గ్లాసులోకి చూశాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, డబ్బాను తనంతట తాను వెనక్కి తిప్పాడు. పెదాలు కదుపుతూ చదివాడు. చక్కెర, ఒకటి.

"ఇన్నాళ్లూ వాడు పోసింది తియ్యగా ఉండేది. ఏం పోశాడే నాకు?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు వ్యవధి ఉంది. ఈ రోజు దాచినది ఇంకో రోజు ఇంకా పెద్ద గొడ్డలితో బయటికొస్తుందని ఆమె లెక్క. చెప్పింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో తమ్ముడు మరో ఫ్లాస్కుతో నిలబడ్డాడు. రావద్దన్నా వచ్చాడు, అక్క ఒంటరిగా ఆ గదిలో ఉండటం అతడికి ఇష్టం లేదు.

గ్లాసు బల్లను తాకిన చప్పుడు టైలరమ్మ కుడి చెవికి వినిపించింది.

గండ్ర లేచిన వేగానికి స్టూలు వెనక్కి దొర్లింది. తమ్ముడి చొక్కా పట్టి లోపలికి లాగి, కుట్టు మిషను మీదకు విసిరాడు. మిషను చక్రానికి తల తగిలి తమ్ముడి నొసలు చిట్లింది. ఫ్లాస్కు పగిలి నేలంతా తియ్యటి నీళ్లు, గాజుపెంకులు. గండ్ర అతణ్ణి జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు, మళ్లీ. కోపం అరువు తెచ్చిన బలం అది. అప్పటికే అతడి పెదాలు నీలంగా మారుతున్నాయి.

"నన్ను ఎండబెట్టి చంపుతావురా! నా ఇంట్లో, నా గ్లాసులో!"

"నువ్వు చంపలేదా మా అక్క చెవిని!" అన్నాడు తమ్ముడు, నోటినిండా నెత్తురుతో.

గండ్ర చెయ్యి బల్ల మీద గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర వైపు పోయింది. టైలరమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. తప్పనిసరిగా గోడ వదిలి రావలసి వచ్చింది; కుడి చెంప అతడికి ఎదురుగా నిలిచింది.

"వదిలెయ్" అంది.

పెళ్లయిన నాటినుంచి ఆమె అతణ్ణి మీరు అనే పిలిచింది. గండ్రకు ఆ ఏకవచనం దెబ్బలాగే తగిలింది. కత్తెర మీది చెయ్యి ఆగింది.

"ఏమన్నావే?"

"నువ్వు వదిలెయ్ అన్నాను. నువ్వు ఆ కత్తెర అక్కడ పెట్టు."

అతడు నెమ్మదిగా కత్తెరను బల్ల మీదే వదిలేశాడు. చెయ్యి ఖాళీ అయింది. ఆ అర్థం ఆమెకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఎడమచేత్తో బల్లమీద ఆనుకుని, కుడిచెయ్యి వెనక్కి తీసి, ఆమె కుడి చెవిని గురి చూశాడు. ఆమె వంగింది. గురి తప్పిన చెయ్యి విసురుకు అతడు ముందుకు తూలి, పడకుండా ఉండటానికి అదే అరచేతిని బల్ల మీద ఆనించాడు. ఆ చెయ్యి కోటు మీద, ఇస్త్రీకి పరిచిన గుడ్డలా చదునుగా పరుచుకుంది. టైలరమ్మ ఇస్త్రీ పెట్టెను రెండు చేతులతో ఎత్తి దాని మీదకు దించింది.

ఎముకలు విరిగిన చప్పుడు, చర్మం కాలిన వాసన ఒకేసారి వచ్చాయి. గండ్ర అరిచాడు. అరవడం అతడి అలవాటు కాదు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె పెట్టె ఎత్తి, మరోసారి దించింది. అతడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

తమ్ముడు గోడను పట్టుకుని లేచాడు. దొర్లిన స్టూలును రెండు చేతులా తలపైకి ఎత్తి గండ్ర వెనక నిలబడ్డాడు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నదంతా ఆ చేతుల్లో ఉంది.

"దించు" అంది టైలరమ్మ. పొగలు కక్కే ఇస్త్రీ పెట్టె ఇప్పుడు తమ్ముడివైపు తిరిగి ఉంది.

"అక్కా, ఒక్కటి! ఒక్కటే!"

"ఒక్కటి కూడా వద్దు. దించుతావా, నీ చేతులు కూడా ఈ బల్ల మీద పెట్టనా?"

అతడు స్టూలు దించాడు. దించి, దాని మీదే కూర్చుని, ముఖం దాచుకుని ఏడ్చాడు. ఆమె ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, బల్ల మీద మిగిలిన ప్రోటీన్ గ్లాసును గండ్ర ఎడమచేతికి అందించింది. "తాగు. ఇంకా చాలా ఉంది" అంది. అతడు పళ్లు గ్లాసుకు కొట్టుకుంటూ అంతా తాగాడు. ఆ తర్వాతే ఆమె మేస్త్రీని వ్యాను తెమ్మని కబురు పంపింది.

చేతికి ఆపరేషన్ జరిగింది. ఎముక అతకడానికి కూడా ప్రోటీనే కావాలని చెప్పి డైటీషియన్ రోజు లెక్కను తొంభై గ్రాములకు పెంచింది. ఆస్పత్రినుంచి గండ్ర ఇంటికి రాలేదు. టైలరమ్మ రానివ్వలేదు, అతడి బట్టల మూటతో పాటు ఆ డబ్బాను యార్డుకు పంపింది. మేస్త్రీ అతడికి కాపలావాళ్ల గదిలో ఒక మంచం, ఒక అర ఇచ్చాడు. తమ్ముణ్ణి కూడా ఆమె చాలాకాలం గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఆరు నెలల తర్వాతి పరీక్షలో డైటీషియన్ నెత్తురు కాగితం చూసి, "బాగుంది. ఇప్పుడు ఎవరు కలిపి ఇస్తున్నారు సార్?" అని అడిగింది.

"నేనే" అన్నాడు గండ్ర.

"తిరగేసి చూస్తున్నారా?"

"చూస్తున్నాను."

బరువు ఎనభై ఎనిమిది కిలోలు. నెత్తురులో ప్రోటీన్ మామూలు. పాదాల వాపు లేదు. గుండె కొట్టుకోవడం సక్రమం. కుడిచేతి మూడు వేళ్లు ముడుచుకోవు. గరిటె ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు. యార్డులో గొడ్డలి మరొకరికి ఇచ్చారు. టైలరమ్మ కుడి చెవి వినిపిస్తున్నది.